జేబులో చిట్టా, బల్ల మీద ఆవర్జా

2001 శ్రావణంలో బంధువుల పెళ్ళికి రాజమండ్రి వెళ్ళి, నాలుగో రోజు తెనాలి తిరిగొచ్చాను. పెట్టెలోంచి చేతియంత్రం తీసి మీట నొక్కితే వెలగలేదు. టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్స్ రెండు కొత్తవి వేశాను. వెలిగింది. కొన్ననాడు చేసినట్టే, స్క్రీను మీద గుర్తు చూపించి పుల్లతో దాన్ని తాకమంది. తేదీ అడిగింది. టైము అడిగింది. అన్నీ చెప్పాక లోపలికి వెళ్ళి చూస్తే డైరీ ఖాళీ, అడ్రసులు ఖాళీ, రాతలు ఖాళీ. సంక్రాంతి నుంచి ఏడు నెలలపాటు ఊరూరా తిరిగి రాసుకున్న గొడ్ల లెక్కంతా తుడిచిపెట్టుకుపోయింది.

నేను పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. అప్పట్లో నా తిరుగుడంతా కొల్లిపర, దుగ్గిరాల, వేమూరు వైపు. మా పనిలో తేదీలే ప్రాణం. గేదె ఎదకొచ్చి ఇంజెక్షన్ చేస్తే, 21 రోజులకు మళ్ళీ ఎదకొచ్చిందేమో చూడాలి. రాకపోతే మూడో నెలలో చూడి పరీక్ష చేయాలి. ఆవు సుమారు 280 రోజులకు ఈనుతుంది, గేదె సుమారు 310 రోజులకు. ఈనడానికి రెండు నెలల ముందు పాలు తీయడం ఆపించాలి. లేకపోతే తల్లీ దూడా ఇద్దరూ నీరసిస్తారు. అందుకని ఒక్క గేదెకు ఒక్క చూడిలో నాలుగైదు తేదీలు గుర్తుంచుకోవాలి. రెండొందల గొడ్లకు ఎన్ని తేదీలవుతాయో చూడండి.

అంతకుముందు జేబు డైరీలో రాసుకునేవాణ్ణి. వానలో తడిసేది, గొడ్ల సావిట్లో పడేది, ఏడాది మారితే పాత తేదీలన్నీ కొత్త డైరీలోకి ఎక్కించుకోవాలి. అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చిన మా బావమరిది తన పామ్ త్రీ ఎక్స్ ఈ చేతియంత్రాన్ని నా చేతిలో పెట్టి, "బావగారూ, ఇది మీకు పనికొస్తుందేమో చూడండి" అన్నాడు. అరచేయంత ఉంటుంది. నలుపూ తెలుపూ స్క్రీను. దాని మెమరీ 8 మెగాబైట్లు. ఇవాళ ఫోనులో తీసే రెండు మూడు ఫొటోలకు సరిపోని చోటు అది. నా గొడ్ల లెక్కకు మాత్రం పదేళ్ళకు సరిపడేంత ఉంది.

ఈ యంత్రాల మొదటి తరం 1996లో వచ్చింది. వాటిని రూపొందించిన జెఫ్ హాకిన్స్, అసలు యంత్రం తయారు కాకముందే చొక్కా జేబులో పట్టే చెక్కముక్క ఒకటి కోయించి, దాన్నే వెంట పెట్టుకుని తిరిగేవాడట. ఎవరైనా ఖాళీగా ఉన్నారా అని అడిగితే చెక్క బయటికి తీసి, పుల్లతో పొడిచి చూసినట్టు చేసేవాడట. జేబులో ఏది ఇముడుతుందో, దేనికి చేయి పోతుందో అలా తెలుసుకున్నాడు. ఆ సంగతి చదివాక ఆయన మీద గౌరవం పెరిగింది. సావిట్లో ఒక చేత్తో పలుపు పట్టుకుని రెండో చేత్తో వాడగలిగిన యంత్రం అదొక్కటే మరి.

రాయడానికి గ్రాఫిటీ అనే లిపి ఉండేది. ఇంగ్లీషు అక్షరాలనే కాస్త సులువు చేసి, పుల్ల ఎత్తకుండా ఒక్క గీతలో రాసేలా మార్చారు. 'ఏ' అనే అక్షరానికి అడ్డగీత ఉండదు, ఉత్త గోపురంలా రాయాలి. టీ అంటే అడ్డంగా గీసి కిందికి దించడమే. వారంలో పట్టుబడింది. తెలుగు అక్షరాలు అందులో లేవు కాబట్టి ఆర్టీఎస్ పద్ధతిలో రాసేవాణ్ణి. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని మనవాళ్ళు, కంప్యూటర్లకు తెలుగు రాని రోజుల్లో, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో తేడా లేకుండా రాయడానికి ఏర్పాటు చేసుకున్న పద్ధతి అది. అందులో 'త'కు చిన్న టీ, 'ట'కు పెద్ద టీ. గ్రాఫిటీలో పెద్ద అక్షరం కావాలంటే ముందు పుల్లతో పైకి ఒక గీత గీయాలి. 'గొడ్డు' అని రాయాలంటే రెండుసార్లు పైకి గీయాలి. రోజుకు ఎన్నిసార్లు గీశానో!

మళ్ళీ ఆ శ్రావణానికి వస్తాను. ఆ యంత్రం రాతలను దాచుకునే మెమరీ కరెంటు ఉన్నంతసేపే నిలుస్తుంది. పైకి ఆపేసినట్టు కనబడినా లోపల సెల్స్ కొద్దికొద్దిగా దాన్ని పోషిస్తూనే ఉంటాయి. సెల్స్ మార్చేటప్పుడు ఒక చిన్న కెపాసిటరు సుమారు నిమిషం పాటు మెమరీని కాపాడుతుంది, అంతే. సెల్స్ పూర్తిగా చస్తే రాసుకున్నదంతా పోతుంది. నేను సెల్స్ బలహీనపడ్డాయన్న హెచ్చరిక చూసి కూడా పెళ్ళి హడావుడిలో పట్టించుకోలేదు. పెట్టెలో బట్టల మధ్య అది అలారం మోగించుకుంటూ, వెలుగుతూ, ఉన్న కాస్త శక్తినీ ఖర్చు చేసుకుంది. తప్పు నాది.

ఆ నెలంతా ఊళ్ళు తిరిగి మళ్ళీ తేదీలు పోగుచేశాను. రైతులకు తేదీలు గుర్తుండవు, పండగలు గుర్తుంటాయి. "కోటప్పకొండ తిరనాళ్ళ నాడు గదా డాక్టరు బాబూ మీరొచ్చింది" అంది దుగ్గిరాలలో ఒకావిడ. తిరనాళ్ళంటే శివరాత్రి, శివరాత్రి అంటే ఫిబ్రవరి 21. అక్కణ్ణించి 310 రోజులు లెక్కేస్తే డిసెంబరు 28. అలా పంచాంగం పక్కన పెట్టుకుని సగానికి పైగా తిరిగి రాశాను. మిగతావి పోయినట్టే. ఒక గేదెకు పాలు ఆపించాల్సిన రోజు దాటిపోయి, దూడ బక్కగా పుట్టింది. బతికింది గానీ, ఆ దూడను చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమనేది.

ఆ యంత్రంతోపాటు ఒక ఊయల ఇచ్చేవారు. ఊయల అని నేను పెట్టుకున్న పేరు. యంత్రాన్ని నిలబెట్టే పీట అది, దాన్నుంచి కంప్యూటరుకు ఒక తీగ పోతుంది. పీట మీద ఒక మీట. మీట నొక్కితే యంత్రంలోదీ కంప్యూటర్లోదీ ఒక్కటవుతాయి. దీన్నే హాట్‌సింక్ అన్నారు. నా దగ్గర కంప్యూటరు ఉంది, పీటా ఉంది. కానీ యంత్రంతో వచ్చిన సీడీ విండోస్‌కూ మ్యాకింతోష్‌కూ తప్ప పనికిరాదు. నా కంప్యూటర్లోదేమో లినక్స్. విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు, పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీల్లోంచి దాన్ని ఎక్కించాడు. పత్రిక ధరకు ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం వచ్చే రోజులవి. వైరస్‌ల బాధ తప్పిందని సంతోషించాను గానీ, పామ్ సంగతి అడగాలని తోచలేదు.

"లినక్స్‌లో కూడా ఉంది మావయ్యా, పైలట్-లింక్ అని" అన్నాడు వాడు. కెనెత్ అల్బనౌస్కీ మొదలుపెట్టి, తరవాత డేవిడ్ డెస్రోజియర్స్ చాలాకాలం కనిపెట్టుకుని చూసిన పని అది. లాభం కోసం కాదు, తమ జేబులోని యంత్రం తమ కంప్యూటరుతో మాట్లాడాలన్న పట్టుదలతో చేసినది. దాని మీద జడ్ మోంట్‌గొమరీ కట్టిన జె-పైలట్ అనే కార్యక్రమం ఉంది. పామ్‌లో కనిపించే డైరీ, అడ్రసులు, చేయాల్సిన పనులు, రాతలు, ఈ నాలుగింటినీ కంప్యూటరు తెర మీద అదే తీరున చూపిస్తుంది.

మొదటి ఆదివారం మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం అయిదు దాకా ఒక్క అక్షరం కదల్లేదు. ఎందుకో చెబుతాను. లినక్స్‌లో కంప్యూటరు వెనకున్న ప్రతి సాకెట్టుకూ ఒక ఫైలు పేరు ఉంటుంది. తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టులు రెండుంటే, మొదటిదాని పేరు చివర 0, రెండోదాని పేరు చివర 1. విండోస్ వాళ్ళు ఒకటీ రెండూ అని లెక్కపెడితే వీళ్ళు సున్నా నుంచి మొదలుపెడతారు. మేము ఒకటో దాంట్లో తీగ గుచ్చి, ఒకటి అని రాసి, పక్కదాని దగ్గర కాచుకుని కూర్చున్నాం. అది సరిచేశాక 'అనుమతి లేదు' అంది. ఆ ఫైలును ముట్టుకునే హక్కు రూట్ అనే పెత్తందారుకే ఉంటుంది, మామూలు వాడకందారుకు ఉండదు. రూట్‌గా వెళ్ళి, మామూలు వాళ్ళు కూడా చదవొచ్చు, రాయొచ్చు అని ఆ ఫైలుకు హక్కులిచ్చాం. పైలట్ అనే పేరుతో దానికొక మారుపేరు కూడా పెట్టాం. అప్పట్నించి ఏ కార్యక్రమమైనా పైలట్ అని అడిగితే చాలు, సరైన సాకెట్టుకు పోతుంది.

పీట మీద మీట నొక్కాను. చిన్న రాగం వినిపించింది. కనెక్టయ్యేటప్పుడు ఆ యంత్రం చేసే సవ్వడి. తెర మీద ఒక్కొక్క పేరే పడటం మొదలైంది. నేను ఊపిరి బిగబట్టి చూశాను.

వేగం మాత్రం నత్తనడక. లెక్క చూస్తే సెకనుకు 9600 బిట్లు, అంటే వెయ్యిలోపు అక్షరాలు. ఆరొందల కిలోబైట్లకు పది నిమిషాలు దాటుతుంది. మేనల్లుడు ఏదో చదివి వచ్చి, పైలట్‌రేట్ అనే ఒక విలువను 57600 అని పెట్టాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి. సింక్ అంటే కాపీ అని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కాపీ చేస్తే ఒకవైపుదే మిగులుతుంది. పొద్దున కొల్లిపరలో యంత్రంలో నేనొక తేదీ రాశాను. అదే పూట ఇంట్లో మా ఆవిడ, ఫోను చేసిన రైతు కబురును కంప్యూటర్లో రాసింది. ఏది కాపీ చేసినా రెండోది పోతుంది. రెండూ నిలవాలంటే ఎక్కడ ఏది మారిందో తెలియాలి.

మా నాన్నగారి కిరాణా కొట్టులో గుమాస్తాగారు చేసిన పని ఇదే. పగలంతా చిట్టాలో పద్దులు, రాత్రి కొట్టు కట్టేముందు అవి ఆవర్జాలోకి. ఎక్కించిన పద్దు పక్కన ఎర్ర పెన్సిలు గీత. గీత లేని పద్దు ఒక్కటి మిగిలినా ఆయన చెప్పులేసుకునేవారు కాదు. పామ్‌లో ప్రతి రాతకూ ఒక సొంత నంబరు ఉంటుంది. 24 బిట్ల నంబరు కాబట్టి కోటీ అరవై లక్షలకు పైగా రాతలకు సరిపోతుంది. నంబరు పక్కనే ఒక బైటు, అంటే ఎనిమిది బిట్లు. అందులో ఒక బిట్టు 'ఇది మారింది' అని, ఇంకొకటి 'ఇది తీసేశారు' అని, మరొకటి 'ఇది గుట్టు' అని చెబుతాయి. నాలుగు బిట్లు ఆ రాత ఏ వర్గానిదో చెబుతాయి. నాలుగు బిట్లతో పదహారే అంకెలొస్తాయి, అందుకే పామ్‌లో వర్గాలు పదహారు మించవు. నా ఊళ్ళు పద్దెనిమిది. దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్ళను జతచేసి సర్దుకున్నాను.

గుమాస్తాగారు ఎక్కించాక గీత పెడితే, ఈ యంత్రం మారినప్పుడే గీత పెడుతుంది, సింక్ అయ్యాక చెరిపేస్తుంది. కాబట్టి గీతలున్నవి మాత్రం పంపితే చాలు. జె-పైలట్ కూడా నేను కంప్యూటర్లో రాసినవాటిని అసలు ఫైల్లో కలపకుండా పక్కనొక ఫైల్లో పెట్టుకుని, మీట నొక్కేదాకా ఆగుతుంది. ఒకే రాతను రెండుచోట్లా మార్చితే ఏం చేయాలి? ఏది నిజమో యంత్రానికి తెలియదు. అందుకని హాట్‌సింక్ పద్ధతిలో రెండూ ఉంచేస్తారు, ఏది ఉంచాలో మనిషే తేల్చుకోవాలి. నాకు నచ్చిన సంగతి అది. తెలియనిచోట దేన్నీ పారేయకూడదు.

ఒకసారి మేనల్లుడు నా యంత్రాన్ని వాళ్ళ హాస్టల్లో తన కంప్యూటరుకు తగిలించి సరదాగా సింక్ చేసుకున్నాడు. ఇంటికొచ్చి మీట నొక్కితే రెండు నిమిషాల పని చాలాసేపు సాగింది. ఆలోచిస్తే కారణం తేటగానే ఉంది. వాడి కంప్యూటరు గీతలన్నీ చెరిపేసింది. గీతలను బట్టి చూస్తే మా కంప్యూటరుకు ఏదీ మారనట్టే లెక్క, మారినవి మాత్రం చాలా ఉన్నాయి. అందుకని యంత్రం చివరిసారి తాను ఎవరితో మాట్లాడిందో ఆ కంప్యూటరు నంబరు గుర్తుంచుకుంటుంది. ఈసారి వేరేవాళ్ళైతే గీతలను నమ్మకుండా మొదటి పద్దు నుంచి చివరి పద్దు దాకా రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి పోల్చాలి. నెమ్మదిగా జరిగినా దారి అదొక్కటే.

కాలం లెక్క కూడా చిత్రంగా ఉంటుంది. పామ్ సెకన్లను 1904 జనవరి 1 నుంచి లెక్కిస్తుంది, లినక్స్ 1970 జనవరి 1 నుంచి. మధ్య తేడా 208 కోట్ల 28 లక్షల 44 వేల 800 సెకన్లు. ఒకరు శాలివాహన శకంలో, ఒకరు క్రీస్తు శకంలో ఉత్తరాలు రాసుకున్నట్టు. మధ్యలో పైలట్-లింక్ ఆ తేడాను కలుపుతూ తీసేస్తూ ఉంటుంది.

ఆ 2001లోనే బెంగళూరు వాళ్ళ సింప్యూటర్ అనే చేతియంత్రం గురించి పేపర్లో చదివాను. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌వాళ్ళూ ఎన్‌కోర్ సంస్థవాళ్ళూ కలిసి రూపొందించింది, లోపల నడిచేది లినక్సే. 2004లో అమిడా పేరుతో అమ్మకానికి వచ్చింది. మనవాళ్ళ చేతియంత్రం మనవాళ్ళ కంప్యూటరుతో అడ్డూ ఆపూ లేకుండా మాట్లాడుతుందని ఎంతో ఆశపడ్డాను. నా చేతికి అందలేదు, ఇళ్ళల్లోకి పాకలేదు. ఆ వెలితి నాకు ఇప్పటికీ ఉంది.

2003 వేసవిలో ఒక మధ్యాహ్నం సెల్స్ మార్చుదామని మూత తీశాను. పాత సెల్స్ బయటికొచ్చాయి, కొత్తవి చేతిలో ఉన్నాయి. వీధిలోంచి కేక, "అయ్యా, దూడ అడ్డం తిరిగింది, గేదె పడిపోయింది, తొందరగా రండి!" యంత్రాన్ని బల్ల మీదే వదిలి బ్యాగు తీసుకుని పరుగెత్తాను. చేతిని భుజం దాకా లోపల పెట్టి దూడను తిప్పేసరికి రెండు గంటలైంది. తల్లీ దూడా దక్కాయి. ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, బల్ల మీద విప్పి ఉన్న యంత్రాన్ని చూశాను. నిమిషం ఎప్పుడో దాటిపోయింది.

ఆత్రంగా సెల్స్ వేసి పీటలో పెట్టి మీట నొక్కాను. జె-పైలట్ ఒప్పుకోలేదు. ఈ యంత్రానికి యజమాని నంబరు లేదు, దీనితో సింక్ చేయను అంది. కంగారు తగ్గాక దాని తెలివి అర్థమైంది. యంత్రం పూర్తిగా ఖాళీ. కంప్యూటర్లో ఏడాదిన్నర లెక్క ఉంది. ఖాళీ పుస్తకాన్ని చూసి 'ఈయన అన్నీ తీసేశాడు కాబోలు' అనుకుంటే కంప్యూటర్లోవి కూడా పోయేవి. ఎవరో తెలియని ఖాళీ చేతితో లావాదేవీ పెట్టుకోనంది. ఇది నీదే, అన్నీ తిరిగి నింపు అని చెప్పే పద్ధతి వేరే ఉంది. ఆ మెనూ వెతికి, నా పేరూ నంబరూ ఇచ్చి నొక్కాను. రాగం మోగింది. డైరీ వచ్చింది, అడ్రసులు వచ్చాయి, ఊళ్ళ రాతలు వచ్చాయి. ముందురోజు రాత్రి పడుకోబోయే ముందు సింక్ చేసిన చివరి పద్దు దాకా అన్నీ వచ్చాయి. మా ఆవిడ కాఫీ తెచ్చి, "ఏమైంది, కళ్ళు తుడుచుకుంటున్నారు?" అంది.

తరవాత పామ్ కంపెనీ చేతులు మారుతూ వచ్చి 2010లో హెచ్‌పీ చేతికి పోయింది. యంత్రాలు ఆగిపోయాయి. నాది తెర పగిలి మూలపడింది. కానీ ప్రతి రాత్రీ అది నా కంప్యూటర్లో వదిలిన ఫైళ్ళు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎవరి అనుమతీ అడగకుండా, ఎవరి ఖాతాలోకీ వెళ్ళకుండా అవి నా ఇంట్లో, నా డిస్కులో ఉన్నాయి. పైలట్-లింక్‌తో పాటు వచ్చే చిన్న చిన్న పనిముట్లతో మా మేనల్లుడు వాటిని మామూలు అక్షరాల ఫైళ్ళుగా మార్చిపెట్టాడు. నా ఆర్టీఎస్ రాతలను కొంత కొంతగా లేఖిని అనే లిపి మార్చే పనిముట్టులో వేస్తూ పోతే చక్కటి తెలుగు లిపిలోకి మారాయి. ఇప్పుడు ఫోనులో రాసిందేదైనా ఎక్కడో ఉన్న కంప్యూటరుకు దానంతటదే పోతుంది, మీట కూడా నొక్కనక్కర్లేదు. సుఖమే. అయినా నెలకోసారి నా ఫోనులోవి దించి, ఆ పాత ఫైళ్ళ పక్కనే పెట్టుకుంటాను.

మొన్నామధ్య కొల్లిపర నుంచి ఒక కుర్రవాడు ఫోను చేశాడు. హైదరాబాదులో ఉద్యోగం మానుకుని వచ్చి పాడి పెట్టాడట. "డాక్టరు గారూ, మా నాయనమ్మ దగ్గర ఒక ముర్రా గేదె ఉండేది, దాని సంతే ఇప్పటికీ మా దొడ్లో ఉంది. మీరే చూసేవారని నాన్న చెప్పారు. మీకేమైనా గుర్తుందా?" నాకు గుర్తులేదు. ఒక్క నిమిషం ఆగమని, ఊరి పేరు కొట్టి వెతికాను. 2002 మార్చి నాటి రాత ఒకటి పైకొచ్చింది. అలాగే చదివి వినిపించాను: "ముర్రా. మూడో ఈత. ఎడమ కొమ్ము కొస విరిగింది. చూడి మూడు నెలలు. నెమ్మదైన గొడ్డు. పెద్దావిడ మజ్జిగ ఇచ్చింది."